గ్రామసింహం అంటే నవ్వొస్తాది... కరిస్తే ఆ కుక్క ఎవులిది?

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దుటే ఒక పేపరు ముక్క ఫొటో పడింది. హెడ్డింగు "గ్రామసింహాల స్వైరవిహారం". కింద నాలుగు వరసల వార్త. మా ఊరి పేరు, "బాలుడికి గాయాలు" అన్న మాట, అంతే. పది నిమిషాల్లో నవ్వు బొమ్మలు వరస కట్టీసాయి. "ఊర్లోకి సింహం వచ్చీసింది, పారిపోండ్రా" అని ఒకడు రాశాడు. ఇంకొకడు సింహం గర్జించే వీడియో పెట్టాడు. నేనప్పుడు పని మీద విశాఖలో ఉన్నాను. నేనూ నవ్వాను. దాచుకోడానికేటుంది?

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, "ఊర్లో సింహం తిరుగుతోందంట కదా" అని నవ్వుతూ అడిగాను.

"సింహం ఏట్రా? మన ఎర్రోడే. ఎనక ఈధి గుంటడి పిక్క పట్టీసినాడు. ఆళ్ళ మామ్మ సున్నం, కారం రాసీసి కూకోబెట్టినాది. తల్లి జీడిపప్పు పనికి ఎల్లిపోనాది. సాయంత్రం దాకా ఆసుపత్రికి తీసికెల్లినోళ్ళే లేరు."

అక్కడితో నా నవ్వు ఆగిపోయింది. ఎర్రోడు అంటే మా వీధి కుక్క. మా ఇంట్లో మిగిలిన గెంజి తాగి పెరిగినోడే. పేపర్లో సింహం అయిపోయిన జంతువు మా అమ్మ నోట్లో "మన ఎర్రోడు". ఒకటే కుక్క, రెండు పేర్లు. మొదటి పేరు వింటే నవ్వొచ్చింది, రెండో పేరు వింటే తప్పు మనదీ ఉందని తెలిసింది. అప్పట్నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. గ్రామసింహం అంటే ఏటి? ఆ మాట ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు?

మాట కొత్తది కాదు. సంస్కృత నిఘంటువుల్లో కుక్కకి ఉన్న పేర్లలో గ్రామసింహం ఒకటి, గ్రామమృగం ఇంకొకటి. అడవికి సింహం ఎలాగో ఊరికి కుక్క అలాగ అని అర్థం. అందులో కొంచెం మెచ్చుకోలు ఉంది, ఎక్కువ ఎకసెక్కం ఉంది. తన వీధిలో ఉన్నంతసేపే దాని ప్రతాపం, పక్క వీధికి వెళ్తే తోక ముడిచీస్తాది. అందుకే ఊర్లో మాత్రమే జబర్దస్తీ చేసే మనిషిని కూడా వెటకారంగా గ్రామసింహం అంటారు.

ఒక మాట గమనించండి. మన పల్లెల్లో కుక్కని చూసి "అదిగో గ్రామసింహం" అని మామూలుగా అనేవాళ్ళు ఎవరున్నారు? నేను పుట్టి పెరిగిన వీధిలో ఒక్కరూ అనగా వినలేదు. కుక్క అంటాం. లేకపోతే పేరు పెట్టి పిలుస్తాం. ఎర్రోడు, నల్లోడు, రాజు, టామీ, టైగర్. పేరులో "గ్రామం" ఉన్న ఈ మాట గ్రామానిది కాదు. పేపరు డెస్కుది, మైకు ముందు కూర్చున్నోళ్ళది, ఇప్పుడు ఫోన్‌లో మీమ్స్ చేసేవాళ్ళది.

పేపర్లో కుక్కలకి ఇంకో వరస కూడా ఉంది. పోలీసుల దగ్గర ఉంటే అది "జాగిలం". డాగ్ షోలో ఉంటే, డబ్బున్నోళ్ళ ఇంట్లో ఉంటే "శునకం". మన రామాలయం అరుగు మీద పడుకుంటే "గ్రామసింహం". జాతి ఒకటే, యజమానిని బట్టి పేరు మారిపోతాది. జాగిలం వార్తలో గౌరవం, శునకం వార్తలో ముద్దు. గ్రామసింహం వార్తలో మాత్రం, పిల్లాడి కాలు చీరుకుపోయినా సరే, ఒక నవ్వు ఉంటాది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక పెద్దింటి బిడ్డని కరిస్తే ఇదే హెడ్డింగు పెడతారా? పెట్టరని నా అనుమానం.

రాజకీయంలో ఈ మాట ఎంత దూరం వెళ్ళిందో మీకు గుర్తుండే ఉంటాది. 2021 సెప్టెంబరు చివర్లో, రిపబ్లిక్ సినిమా వేడుకలో మాట్లాడిన మాటల మీద గొడవ రేగినప్పుడు, పవన్ కల్యాణ్ గారు వైసీపీ వాళ్ళని గ్రామసింహాలని ట్వీట్ చేశారు. అటు నుంచి పేర్ని నాని గారు వరాహం అన్న మాటతో తిప్పికొట్టారు. నెలల తరబడి ఆ రెండు మాటల మీద పోస్టులు, పాటలు, బూతులు నడిచాయి. మన కుర్రోళ్ళలో చాలామందికి గ్రామసింహం అన్న మాట తెలిసిందే అప్పుడు. ఏ పార్టీనీ ఒక్కదాన్నే అనడం లేదు. ప్రెస్‌మీట్లలో పిచ్చికుక్కలు, ఊరకుక్కలు అని తిట్టుకోని పార్టీ మన రాష్ట్రంలో లేదు.

ఇక్కడే ఒక విచిత్రం. 2024 జూన్ నుంచి పవన్ గారు ఉప ముఖ్యమంత్రి. ఆయన శాఖల్లో పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి ఉన్నాయి, అడవులూ ఉన్నాయి. అంటే గ్రామమూ ఆయన చేతిలోనే, సింహమూ ఆయన చేతిలోనే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ట్వీట్‌లో వాడిన జంతువు ఇప్పుడు ఆయన పంచాయతీల్లో నిజంగా తిరుగుతున్నాది. దాని గురించి అడగడానికి ఆయనకంటే సరైన మనిషి ఎవరు?

ఇంక మన భాషలో కుక్క సంగతి. "ఊరకుక్క" అన్న మాట తిట్టు అయిపోయింది. అసలు "ఊర" అంటే ఊరికి చెందినది అని. ఊరపిచ్చుక అంటే మన ఇంటి చూరులో గూడు కట్టేది. ఊరపంది అంటే అడవిపంది కానిది. ఆ లెక్కన ఊరకుక్క అంటే ఊరి కుక్క, మన కుక్క. ఒకరి ఇంటిది కాదు, అలాగని దిక్కులేనిదీ కాదు. రాత్రి కల్లం దగ్గర కాపలా అదే, పెళ్ళి భోజనాల తర్వాత విస్తళ్ళు నాకేది అదే. నలుగురి చేతి ముద్ద తిని బతికే జంతువు. పట్నంలో వాడే "వీధి కుక్క" అన్న మాటలో ఈ చుట్టరికం లేదు.

చట్టం ఈ మధ్యనే ఇక్కడికి వచ్చింది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి కుక్కలు అన్నాయి. 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు "కమ్యూనిటీ యానిమల్" అన్నాయి. ఎవరూ నాదని చెప్పుకోని, ఆ సమాజంలోనే పుట్టి పెరిగిన జంతువు అని దాని భావం. మన తాతలు ఊరకుక్క అన్నదే ఢిల్లీలో ఇంగ్లీషులో రాశారు. పేరు బాగుంది. కానీ ఆ నిబంధనలు చదివితే, కుక్కలకి తిండి ఎక్కడ పెట్టాలో చూసుకోవాల్సింది కాలనీ సంఘం, అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం, స్థానిక సంస్థ ప్రతినిధి అని ఉంటాది. ఉద్దానంలో అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం ఎక్కడుంది? మనకి మిగిలింది పంచాయతీ ఒక్కటే. ఆపరేషన్ చెయ్యాలంటే డాక్టరు, కుక్కల్ని ఉంచే గదులు, పట్టే మనుషులు, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు కావాలి. వీధి లైటు మార్చడానికే నెల పట్టే పంచాయతీకి ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి?

సుప్రీంకోర్టు కథ కూడా చూడండి. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జీల బెంచి ఢిల్లీ చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. దేశమంతా రెండుగా చీలిపోయింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ, మీద పడే గుణం ఉన్నవాటినీ మాత్రం వదలొద్దు అంది. కేసుని అన్ని రాష్ట్రాలకీ విస్తరించింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, ఆట స్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసెయ్యమంది, తిరిగి అక్కడ వదలొద్దంది. ఆ నెలల్లో టీవీల్లో జరిగిన చర్చల్లో ఒకవైపు "డాగ్ లవర్స్", ఇంకోవైపు "వీధి కుక్కల బాధితులు". మన ఊరి మనిషి ఈ రెండిట్లో ఎందులోనూ లేడు. మనం పొద్దుట ఎర్రోడికి గెంజి పోస్తాం, రాత్రి అదే ఎర్రోడు బండి వెనక పడితే తన్నబోతాం. ఇద్దరమూ మనమే.

ఇప్పుడు లెక్కలు. 2024లో దేశం మొత్తం మీద 37 లక్షలకి పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. రేబిస్ అనుమానంతో చనిపోయినోళ్ళు 54 మంది అంది. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే మాత్రం, ఏడాదికి 5,700 మందికి పైగా రేబిస్‌తో పోతున్నారని అంచనా వేసింది. 54 ఎక్కడ, 5,700 ఎక్కడ? రేబిస్ సోకి ఇంటికాడ పోయినోళ్ళలో ఎంతోమంది ఏ రికార్డులోకీ ఎక్కరు. "నీళ్ళంటే భయపడ్డాడు, గాలి సోకింది, పోయాడు" అంటారు. అక్కడితో అయిపోతాది. ప్రపంచం మొత్తం మీద రేబిస్‌తో పోయేవాళ్ళలో నూటికి 40 మంది దాకా 15 ఏళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నాది. పిల్లలు కుక్కతో ఆడతారు, కరిస్తే తిడతారని ఇంట్లో చెప్పరు.

హైదరాబాద్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ళ బాబుని కుక్కలు చంపీసినప్పుడు సీసీ కెమెరా వీడియో ఫోన్లన్నిటికీ వచ్చింది. అది చూసి నవ్వినోడు లేడు. పల్లెలో కెమెరా లేదు. పల్లెలో జరిగింది మనకి హెడ్డింగుగానే చేరుతాది. అందుకే ఆ హెడ్డింగులో ఏ మాట పడుతున్నాదో పట్టించుకోవాలంటున్నాను.

మన సామెతలు కూడా ఈ విషయంలో మనకి అంత మేలు చెయ్యలేదు. "మొరిగే కుక్క కరవదు" అన్నారు. కరుస్తాది. పిల్లల్ని పెట్టుకున్న తల్లి కుక్క మొరిగీ కరుస్తాది, మొరక్కుండా కూడా కరుస్తాది. "కుక్కకాటుకి చెప్పుదెబ్బ" అన్నారు. చెప్పుదెబ్బకి వైరస్ చావదు. సున్నానికి, కారానికి, పసరుకి, కాఫీ పొడికి కూడా చావదు. అవి పెట్టడం వల్ల గాయం ఇంకా రేగుతాది.

చెయ్యాల్సింది ఇది. కరిచిన వెంటనే, గీరినా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఫోన్‌లో టైమ్ చూసి మరీ కడగాలి. కట్టు గట్టిగా కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతి అయితే మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండకి వేసేదైతే పద్నాలుగో రోజు ఇంకోటి కలుస్తాది. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే టీకా ఒక్కటే చాలదు. గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగాలి. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని మామ్మలు భయపెడతారు కదా, ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు. ఇప్పుడు పెద్దోళ్ళకి జబ్బకే వేస్తారు. కుక్క బాగానే తిరుగుతున్నాది కదా అని మొదటి సూది మానకూడదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు.

మా వెనక వీధి గుంటడికి మొదటి సూది పడ్డాది, కానీ మర్నాడు. ముందు వెళ్ళిన చోట మందు నిండుకుందన్నారు. ఆటో కట్టుకుని ఇంకో ఊరు వెళ్ళారు. తండ్రి హైదరాబాద్‌లో బిల్డింగు పనిలో ఉన్నాడు. తల్లి రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. "స్వైరవిహారం" అన్న మాటలో ఇవేవీ లేవు.

అయితే కోపం వచ్చిన ఊరు ఏం చేస్తాదో కూడా చూశాం. 2026 జనవరిలో తెలంగాణలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కల్ని విషంతో చంపీసారని ఫిర్యాదులొచ్చాయి. సర్పంచుల మీద కూడా కేసులు పడ్డాయి. డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామని మాటిచ్చామని, అందుకే అని వార్తలొచ్చాయి. ఆ ఊళ్ళ భయం నాకు అర్థమవుతాది. కానీ చంపడం నేరం, పైగా దాని వల్ల పని జరగదు. తిండి, చెత్త ఉన్నంతకాలం ఖాళీ అయిన వీధిలోకి పక్క ఊరి కుక్కలు వస్తాయి. కుక్క రెండు నెలలకి ఈనుతాది, ఏడాదికి రెండు ఈతలు. టీకా పడిన కుక్కల్ని కూడా చంపీస్తే, వచ్చే కొత్త కుక్కలకి టీకా ఉండదు. ఊరు ముందుకంటే ప్రమాదంలో పడతాది.

ఊర్లో నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడితే రేబిస్ పాకడం ఆగిపోతాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇది పట్నంలో కష్టం. కానీ పల్లెలో? నేను ఊరెళ్ళినప్పుడు, గ్రూపులో నవ్విన కుర్రోళ్ళలో నలుగుర్ని వెంటేసుకుని కుక్కల్ని లెక్కపెట్టాను. ఒక్క సాయంత్రం పని. ముప్ఫై నాలుగు. అందులో ఇరవై ఆరింటికి పేర్లున్నాయి, ఏ ఇంటి దగ్గర తింటాయో తెలుసు, పిలిస్తే వస్తాయి. డెబ్బై శాతం అంటే ఇరవై నాలుగు. పేరున్న కుక్కలకి టీకా వేయించినా సరిపోతాది! పట్టడానికి వలలు, బండ్లు అక్కర్లేదు. అన్నం పెట్టే మనిషి మెడ పట్టుకుంటే చాలు. పట్నానికి లేనిది మనకున్నది ఇదే. మన కుక్కలకి పేర్లున్నాయి.

ఏటా జూలై 6న, పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేసిన రోజు గుర్తుగా, పశువుల ఆసుపత్రుల్లో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు. వాటికి పెంపుడు కుక్కలే వెళ్తాయి. ఊరకుక్కని ఎవరూ తీసుకెళ్ళరు, "మనది కాదు కదా" అని. ఆ శిబిరం మండల కేంద్రంలో కాకుండా పంచాయతీకి ఒకటి పెట్టమని అడుగుదాం. వచ్చే గ్రామసభలో మూడు ప్రశ్నలు రాసి ఇద్దాం. మన పీహెచ్‌సీలో టీకా ఎన్ని డోసులుంది, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కడ దొరుకుతాది? ఊరి కుక్కలకి టీకా ఎప్పుడు? కోళ్ళ వ్యర్థాలు, చేపల వ్యర్థాలు రోడ్డు పక్కన పడేయడం ఎప్పుడు ఆపుతారు? పంచాయతీరాజ్ మంత్రి గారి పేజీలో కామెంట్ పెట్టేటప్పుడు పాత ట్వీట్ తవ్వి వెటకారం చెయ్యొద్దు. ఈ మూడు ప్రశ్నలే పెట్టండి.

మాట మీద నిషేధం పెట్టమని నేననడం లేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీముఖలింగం పక్క పర్వతాలపేటలో పుట్టినోరు. జనం మాటకి విలువివ్వమన్నారాయన. ఇప్పుడు రీల్స్‌లో "డోగేష్ భాయ్" అంటున్నారు, అది విని నేనూ నవ్వుతాను. నవ్వుకోడానికి పెట్టుకున్న పేరు నవ్వుకోడానికే వాడదాం. కానీ ఒక బిడ్డకి రక్తం వచ్చిన వార్తలో సింహం వద్దు. "కుక్క కరిచింది" అని రాయండి. ఎక్కడ, ఏ టైముకి, టీకా దొరికిందా లేదా రాయండి. పల్లె నుంచి వార్తలు పంపే విలేకరి తమ్ముళ్ళకి నా విన్నపం ఇదొక్కటే.

గుంటడికి నాలుగు సూదులూ అయిపోయాయి. బాగున్నాడు. ఎర్రోడిని పది రోజులు మా అమ్మే కనిపెట్టి చూసింది. బాగున్నాడు. ఎర్రోడికి టీకా ఇంకా పడలేదు. గుంటడు ఇప్పుడు బడికి ఆ వీధిలోంచి పోడు, చెరువు గట్టు మీంచి చుట్టూ తిరిగి పోతన్నాడు.